వడ్రంగి మాస్టారు ఎత్తిన చెయ్యి

ఆ కాలేజీలో వడ్రంగం వేదాంత విభాగం కింద ఉండేది. నవ్వొస్తే నవ్వుకోండి, తప్పులేదు. మొదటిసారి విన్నవాళ్ళంతా నవ్వినవాళ్ళే.

అది క్రైస్తవ కాలేజీ. సాహిత్యం, సైన్సు, వాణిజ్యం, వేదాంతం అని నాలుగు విభాగాలు. ఏ కోర్సయినా ఈ నాలుగు గూళ్ళలో ఏదో ఒక గూట్లో ఉండాల్సిందే. మరి వడ్రంగాన్ని ఎక్కడ పెట్టాలి? కాలేజీ పెట్టిన పెద్దాయన ఆలోచించాడట. "మన ప్రభువు ముప్పై ఏళ్ళు రంపం పట్టాడు, మూడేళ్ళు బోధ చేశాడు. రెంటిలో ఏది ఎక్కువ కాలం చేశాడో మీరే చెప్పండి" అని వేదాంతంలోనే పెట్టేశాడు. పెట్టి ఊరుకోలేదు. ఏ విభాగంలో చేరినవాడైనా సరే, మొదటి ఏడాది మేకు కొట్టకుండా ఒక నాలుగు కాళ్ళ పీట చెయ్యాలి. దాని మీద మాస్టారు కూర్చుంటాడు. ఊగకపోతే పాసు. ఊగితే మళ్ళీ చెయ్యాలి. పీట లేనివాడికి డిగ్రీ లేదు. ఇదీ రూలు.

మన కథలో మనిషి ఆ పీటల మాస్టారు. ఐదో తరగతి దాటి చదవలేదు. అక్షరాలు వచ్చు గానీ వాటిని కూడబలుక్కునే లోపల పక్కవాడు పేజీ తిప్పేస్తాడు. వాళ్ళ నాన్నా వడ్రంగే. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని "ఒరేయ్" అనే పిలిచేవాళ్ళు. కొడుకు మాత్రం ఈ కాలేజీలో అడుగుపెట్టిన రోజునుంచీ "మాస్టారూ" అయ్యాడు. సైన్సు పిల్లలు, లెక్కల పిల్లలు, రేపో మాపో పాస్టర్లు కాబోయే పిల్లలు, అందరూ ఆ ఒక్క మాటే. ఇంటి దగ్గర పెళ్ళాం కూడా కోపం వచ్చినప్పుడు "ఏం మాస్టారూ, నీళ్ళు మీరే తోడుకుంటారా?" అనేది. ఎగతాళిగానే అన్నా, ఆయనకి తియ్యగా ఉండేది.

మాస్టారు చేరిన ఏడెనిమిదేళ్ళకి ఒక కొత్త రూలు వచ్చింది. కోర్సు ఉన్నవాళ్ళందరికీ విభాగం మీటింగులో ఒక కుర్చీ, ఒక ఓటు. వేదాంతంలో తొమ్మిది కోర్సులు, తొమ్మిది కుర్చీలు. ఆ కుర్చీలూ, మధ్యలో ఉన్న పొడుగు బల్లా ఆయన చేతి పనే. తను చేసిన కుర్చీలో చివరన, తలుపు పక్కన కూర్చునేవాడు.

మొదటి మీటింగులోనే పరువు పోయింది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే ఎత్తాడు. ఒప్పుకోనివాళ్ళు ఎత్తమన్నా ఎత్తాడు. ఎవరూ చిన్నబోకూడదని ఆయన ఉద్దేశం. గదంతా గొల్లుమంది. అప్పుడు పక్క కుర్చీలోని అయ్యగారు ఆయన మోకాలి మీద తట్టి, చెవిలో చెప్పాడు. "అన్నా, నేను ఎత్తినప్పుడు ఎత్తు. దించినప్పుడు దించు. అంతే."

ఇరవై రెండేళ్ళు అదే చేశాడు.

ఈ అయ్యగారు ఎవరో చెప్పాలి. ఆదివారం చర్చిలో ప్రసంగం చెప్పేది ఈయనే, వేదాంత విభాగానికి పెద్దా ఈయనే. కానీ అంతకుముందు మాస్టారి మొట్టమొదటి జట్టులో విద్యార్థి. చేతికి పెన్ను తప్ప పనిముట్టు ఇమడని మనిషి. రంపం పడితే గీత ఒక పక్కకీ రంపం ఒక పక్కకీ పోయేవి. రెండుసార్లు పీట చేశాడు, రెండుసార్లూ ఊగింది. మూడోసారీ ఊగితే ఏడాది పోయినట్టే. పరీక్ష రోజు పొద్దున్నే మాస్టారు షెడ్డుకి ముందే వచ్చి చూసుకుంటే, ఆ పీటకి ఒక కాలు పలకలో వదులుగా కదులుతోంది. ఆ కుర్రాడి మొహం గుర్తొచ్చింది. రాత్రంతా ప్రార్థన చేసుకుని వస్తాడు పాపం, అనుకున్నాడు. గోరంత చెక్క చీల చెక్కి, కాలు దిగే సందులో దిగ్గొట్టి, పైన చిత్రిక పట్టి, పొట్టు రుద్ది కనపడకుండా చేశాడు. తర్వాత అందరి ముందూ దాని మీద కూర్చుని "పాసు" అన్నాడు. ఆ సంగతి ఆయనకీ ఆ చీలకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పీట ఇప్పటికీ అయ్యగారి గదిలో కిటికీ దగ్గర ఉంది. ప్రసంగాల్లో దాని మాట రాని నెల లేదు. "నేనూ వడ్రంగినే, సహోదరులారా. నా రెండు చేతులతో చేసిన పీట ఇన్నేళ్ళయినా కదల్లేదు" అని చెయ్యెత్తి చెప్పేవాడు. వెనక బెంచీలో మాస్టారు తల దించుకుని ముసిముసిగా నవ్వుకునేవాడు. అందరిముందూ "అయ్యగారూ", షెడ్డులో ఇద్దరే ఉన్నప్పుడు "తమ్ముడూ". అలా ఉండేది వాళ్ళ వరస.

ఆ ఏడు ఒక పెద్ద కాలేజీ వాళ్ళు వచ్చి అన్నీ చూసి పోయారు. వాళ్ళు గుర్తింపు ఇస్తే ఇక్కడి డిగ్రీకి విలువ పెరుగుతుందట. వాళ్ళ షరతు ఏంటంటే, విభాగానికి ఎనిమిది కోర్సులకి మించి ఉండకూడదు. వేదాంతంలో తొమ్మిది. అంటే ఒకటి పోవాలి.

ఆ సాయంత్రమే అయ్యగారు షెడ్డుకి వచ్చాడు. రంపపు పొట్టు దులుపుకుని బల్ల అంచున కూర్చుని, మాస్టారి ఫ్లాస్కులో టీ తనే ఒంపుకున్నాడు.

"ఏంటన్నా, మొహం అలా పెట్టావ్?"

"ఒకటి పోవాలంటున్నారు కదా తమ్ముడూ. తొమ్మిది మందిలో చదువు లేనోణ్ణి నేనేగా."

"నేనుండగా నీకేంటి భయం? హీబ్రూ, గ్రీకు చెప్పే మన పాతభాషల టీచరమ్మ క్లాసులో ఎంతమంది ఉన్నారో తెలుసా? ముగ్గురు. అందులో ఒకడు నిద్రపోతాడు."

"పాపం ఆవిడ."

"పాపమే. రేపు మామూలుగానే, అన్నా. నేను ఎత్తినప్పుడు ఎత్తు."

మాస్టారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. గురక ఆపమని పెళ్ళాం రెండుసార్లు మోచేత్తో పొడిచింది.

మర్నాడు మీటింగు. టైపు చేసిన కాగితం ఒక్కొక్కరి ముందూ పెట్టారు. మాస్టారు ఎప్పట్లాగే దాన్ని తిరగేసి, వెనక తెల్లటి వైపు వచ్చే ఏటి పీటలకి కాళ్ళ కొలతలు వేసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సెలవులూ, చాపెల్ గంటలూ, పరీక్ష తేదీలూ అయ్యాక అయ్యగారు గొంతు సవరించుకున్నాడు.

"ఆరో అంశం. అందరూ చదువుకునే ఉంటారు, మళ్ళీ చదవను. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

అని తనే ముందు ఎత్తాడు. మాస్టారూ ఎత్తాడు. ఇంకో మూడు చేతులు నెమ్మదిగా లేచాయి. ఎదురుగా కూర్చున్న పాతభాషల టీచరమ్మ చేతులు బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ కళ్ళద్దాల మీదుగా మాస్టారినే గుచ్చి చూస్తోంది. తల అడ్డంగా ఊపింది కూడా. ఆవిడ కోర్సు పోతోంది కదా, ఆ కోపం నా మీద చూపిస్తోంది అనుకుని మాస్టారు ఆ చూపు తప్పించుకున్నాడు. చెయ్యి మాత్రం దించలేదు. తమ్ముడు ఇంకా దించలేదుగా.

"ఐదు, నాలుగు. ప్యాసయింది" అన్నాడు అయ్యగారు.

ఇంటికెళ్ళి "గండం గడిచిందే" అన్నాడు పెళ్ళాంతో. ఆవిడ హాస్టల్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పెట్టె ఆపకుండానే "ఎవరి గండం?" అని అడిగింది. "మనదే." "మరి ఎవరిది తెగింది?" మాస్టారు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. పాతభాషల టీచరమ్మ చూపు ఒకసారి కళ్ళముందు మెదిలింది. అన్నం కాస్త తక్కువే తిన్నాడు.

మూడో రోజు టైపిస్టమ్మ షెడ్డుకి ఒక జాబితా తెచ్చింది. కాలేజీ వరండాలో ఒక చెక్క బోర్డు ఉంటుంది. నాలుగు విభాగాలకి నాలుగు నిలువు వరసలు. ఒక్కో కోర్సు పేరూ ఒక చిన్న పలక మీద చెక్కి వరసలో జొప్పిస్తారు. ఆ పలకలు చెక్కేది మాస్టారే. చదవడం కష్టం గానీ చెక్కడం ఆయనకి సులువు. అక్షరం ఆయనకి బొమ్మ లాంటిది.

"కొత్త బోర్డు కావాలట మాస్టారూ. వరసకి ఎనిమిది గళ్ళే" అంది టైపిస్టమ్మ. ఎందుకో ఆయన మొహంలోకి చూడకుండా చెప్పింది.

వేదాంతం వరస ముందు చెక్కుదామని కూర్చున్నాడు. పాత నిబంధన. కొత్త నిబంధన. సంఘ చరిత్ర. ప్రసంగ కళ. సంగీతం. నీతిశాస్త్రం. కాపరి సేవ. ఎనిమిదో పలక మీద గీత గీసి ఉలి పెట్టాడు. ఒక్కో అక్షరం తవ్వుకుంటూ పోతే "పాతభాషలు" అయింది. ఆయన ఉలి పక్కన పెట్టాడు. మళ్ళీ మొదటినుంచీ పలకలు లెక్కపెట్టాడు. ఎనిమిది.

"ఏమ్మా, ఆవిడ కోర్సు తీసేశారుగా? ఇందులో రాశారేంటి?"

టైపిస్టమ్మ జాబితా మీద వేలు పెట్టింది. "ఆవిడది తియ్యలేదు మాస్టారూ."

"మరి?"

"మీ జేబులో కాగితం ఉందా?"

ఉంది. చొక్కా మారింది గానీ కొలతల కోసం కాగితం ఈ జేబులోకి వచ్చింది. విప్పాడు. ఆరో అంశం దగ్గర వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. వ-డ్రం-గం. తర్వాత ఉన్న మాటలు చదవక్కర్లేకపోయింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీకు తెలుసనుకున్నా మాస్టారూ. మీరే చెయ్యెత్తారు కదా! మీటింగు అయ్యాక మెట్ల మీద అందరం అదే మాట. 'పెద్దమనసు, తన కోర్సు తనే వదులుకున్నాడు' అని ముగ్గురు. 'కాదు, ఆయనకి చెప్పి ఉండరు' అని పాతభాషల టీచరమ్మ. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది తెలుసా? తనది పోయినా పర్వాలేదు, పీట లేకుండా కాలేజీ ఏంటి అని."

కొమ్మ మీద కూర్చుని అదే కొమ్మ నరుక్కున్నవాడి కథ చెప్పి పిల్లల్ని నవ్వించేవాడు మాస్టారు, రంపం పాఠం మొదటి రోజున. ఆ కథ ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు.

నేరుగా అయ్యగారి గదికి వెళ్ళాడు. ఆయన కిటికీ దగ్గర ఆ పీట మీదే కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు.

"రా అన్నా. నేనే వద్దామనుకుంటున్నా."

"ఎందుకు? టీ తాగడానికా?"

అయ్యగారి చేతుల్లో బూటు తాడు ఆగిపోయింది. "కూర్చో, చెప్తాను."

"నిలబడే వింటా. నన్నెందుకు ఎత్తనిచ్చావ్ తమ్ముడూ?"

"చూడు, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. జీతం అంతే. మరమ్మతులు చూసుకుంటావు. పిల్లల గోల తప్పుతుంది."

"నేనడిగింది అది కాదుగా."

అయ్యగారు బూటు తాడు ముడి వేస్తూ చెప్పాడు. "ఆ పెద్ద కాలేజీ వాళ్ళు వచ్చిన రోజు నువ్వు లేవు. జాబితాలో వేదాంతం కింద వడ్రంగం చూసి నవ్వారన్నా. ఒకాయన అయితే, మీ దగ్గర చాకిరేవు ఏ విభాగంలో ఉందండీ అన్నాడు. నేను తలెత్తుకోలేకపోయాను."

"మొదటి మీటింగులో నన్ను చూసీ నవ్వారు. అప్పుడు నువ్వు నా మోకాలి మీద తట్టావ్."

"అప్పుడు వేరు."

"ఏం వేరు?"

"ఐదు ఓట్లు కావాలన్నా! నాకు నాలుగే ఉన్నాయి. నీకు చెప్తే నువ్వు..." అని ఆగి, ఇంకో దారి దొరికినట్టు గొంతు పెంచాడు. "అయినా కాగితం నీ ముందే ఉంది. నేనేమన్నా దాచానా? మామూలుగా అన్నాను. నీ చెయ్యి పట్టుకుని ఎత్తానా?"

మాస్టారు వెనక్కి తిరిగి గుమ్మం దాటాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని విన్నాడు గానీ, వాసాలు కోసిచ్చినవాడి చేతే లెక్కపెట్టించినవాణ్ణి ఇప్పుడే చూశాడు.

ఇంట్లో చెబితే పెళ్ళాం ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. అది ఆవిడ ఎప్పుడూ చెయ్యని పని.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టుంది. అయ్యగారు, అయ్యగారు అని నెత్తిన పెట్టుకున్నావు. ఇప్పుడేం చేస్తావయ్యా?"

"ఇంకో మీటింగు ఉందే. ప్యాసయినదాన్ని వారం తర్వాత మళ్ళీ ఓటుకి పెట్టి ఖాయం చెయ్యాలట. దార్లో పాతభాషల టీచరమ్మ చెప్పింది. ఈసారి నేను ఎత్తకపోతే నలుగురే."

"ఇరవై రెండేళ్ళ అలవాటు. వాడు ఎత్తగానే నీది లేచిపోదూ? తాడేసి బల్లకి కట్టనా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ వారమంతా అన్నం తినేటప్పుడు ఆవిడ ఉన్నట్టుండి చెయ్యెత్తేది. రెండు రోజులు మాస్టారి చెయ్యి కూడా కాస్త కదిలింది. మూడో రోజు కదల్లేదు. "ప్యాసు" అంది ఆవిడ.

మీటింగు రోజు ఉతికిన చొక్కా వేసుకుని, అందరికంటే ముందు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. కాగితం తిప్పలేదు, మడవలేదు. మొదటి మాటనుంచీ వేలు పెట్టి చదువుతున్నాడు. టైపిస్టమ్మ హాజరు పిలిచింది. ఎనిమిది పేర్లు పిలిచి పుస్తకం మూసేసింది.

"నా పేరు మర్చిపోయావమ్మా" అన్నాడు మాస్టారు.

టైపిస్టమ్మ అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు కాగితాలు సర్దుకుంటూ చెప్పాడు. "రూలు ప్రకారం కోర్సు ఉన్నవాళ్ళకే కుర్చీ. ఒకటో తారీఖునుంచీ వడ్రంగం జాబితాలో లేదు. కాబట్టి... ఉండి వినొచ్చు. ఓటు ఉండదు."

పాతభాషల టీచరమ్మ బల్ల మీద చరిచింది. "ఇంకా ఖాయమే కాలేదు కదండీ! ఖాయం కాకుండా ఎలా తీసేస్తారు?"

"జాబితా ముందే పంపాల్సొచ్చిందమ్మా. పెద్ద కాలేజీ వాళ్ళు తొందరపెట్టారు."

"అయితే ఈ ఓటెందుకు? బొమ్మలాటా?"

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు అయ్యగారు.

నాలుగు లేచాయి. నాలుగు లేవలేదు. సమానమైతే విభాగం పెద్ద ఇంకో ఓటు వెయ్యొచ్చు. అయ్యగారు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో మాస్టారు, ఒకప్పుడు ఆ చెయ్యి తట్టిన తన మోకాలి వైపే చూస్తున్నాడు, ఎందుకో. తర్వాత ఆ చెయ్యి రెండోసారి లేచింది. ప్రసంగంలో పీట గురించి చెప్పేటప్పుడు లేచే చెయ్యే. ఇన్నేళ్ళు అది లేవడం చూశాడే గానీ, ఎందుకు లేస్తోందో మాస్టారు చూసింది ఆ రోజే.

మాస్టారి రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. ఆయన వారమంతా నేర్చుకున్నది అదే. కానీ ఆ చేతుల్ని ఎత్తమనో వద్దనో అడిగినవాళ్ళు లేరు.

మీటింగు అయ్యాక షెడ్డుకి వెళ్ళి, ఒక ఉలీ కొయ్య సుత్తీ తీసుకుని అయ్యగారి గదికి వచ్చాడు. అయ్యగారు చూసి, ఊపిరి వదిలి, "ఆ, కిటికీ రెక్క పట్టేస్తోంది అన్నా. వచ్చావా, మంచిది" అన్నాడు.

మాస్టారు కిటికీ దాకా వెళ్ళి, దాని కింద ఉన్న పీటని ఎత్తి బోర్లించాడు. చేత్తో తడిమాడు. ఇన్నేళ్ళ తర్వాతా ఆయన వేలికి ఆ చోటు తెలుసు. ఉలి ఆనించి రెండు దెబ్బలు చిన్నగా, ఒకటి గట్టిగా. గోరంత చీల బయటికి వచ్చి నేల మీద పడింది. తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఏంటన్నా అది?"

"ఇదా? నీ డిగ్రీ, తమ్ముడూ."

అయ్యగారికి అర్థం కాలేదు. మాస్టారు పీట నిలబెట్టి, పలక మీద వేలితో నొక్కాడు. పీట ఒక పక్కకి వాలింది. వదిలాడు. టక్ మని మళ్ళీ ఇటు వాలింది.

"నీ మూడో పీట కూడా ఊగింది. పరీక్ష రోజు పొద్దున నేను ఈ చీల కొట్టా. నీకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటావని ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు."

అయ్యగారు పీట వంకే చూస్తూ అడిగాడు. "నాకు... ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

"నేను ఎవరూ ఎత్తమనకుండా, నా అంతట నేను నీకోసం ఎత్తిన చెయ్యి అదొక్కటే. దాన్ని దించుకుంటున్నా."

"అన్నా, కూర్చో, మాట్లాడుకుందాం."

"దేని మీద కూర్చోను?"

చీల జేబులో వేసుకుని బయటికి వచ్చాడు. వరండాలో ఉండగానే వెనక గదిలోంచి టక్ మని వినపడింది. కాసేపాగి మళ్ళీ టక్. అయ్యగారు అరచేత్తో నొక్కి చూసుకుంటున్నట్టున్నాడు.

షెడ్డులో ఆఖరి జట్టు పిల్లలు వరసగా పీటలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఈ పరీక్ష అయితే ఇక పరీక్షలు లేవని వాళ్ళకీ తెలుసు. మాస్టారు మొదటి పీట మీద కూర్చున్నాడు. పాసు. రెండోది పాసు. మూడోది ఒక వాణిజ్యం అమ్మాయిది. కూర్చోగానే వెంట్రుకవాసి కదిలింది.

"మాస్టారూ, కొంచెమే కదా" అంది ఆ పిల్ల బెదురుగా. "ఎలాగూ వచ్చే ఏటినుంచి కోర్సే లేదంట..."

మాస్టారి చెయ్యి జేబు మీదకి పోయింది. లోపల చీల తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇలా పంపితే రేపు నువ్వే నన్ను తిడతావు తల్లీ. కాలు విప్పు. నేను పక్కనే కూర్చుంటా, మళ్ళీ చేద్దాం."